కవి చేతి పులుసు

"చింతపండు నానేసినావా? పడయల్‌లో కవి పులుసు లేకుంటే ఎట్లా?" అంది మా అత్త అమ్మాయమ్మ, వంటింటి గుమ్మంలో నిలబడి. వంజరం చేప ముక్కలకు పసుపు పట్టిస్తూ తలూపాను. కవి అంటే మా ఆయన అక్క, కవిప్రియ. పోయి ఏడాదయింది. ఆమెకు ఇష్టమైనవన్నీ వండి ఫొటో ముందు ఆకులో పడయల్ పెట్టాలి ఇవాళ. కడలూరు నుంచి ఇక్కడిదాకా ఈదినా సముద్రం ఆమెను ఏమీ చేయలేదు. ఇంట్లో దోమ కుట్టి, జ్వరంతో పోయింది.

ఫొటోలో కూడా తడి జుట్టుతోనే ఉంది. చేతిలో ఇసుక బక్కెట్టు, అందులో తాబేలు గుడ్లు. కుక్కలు తవ్వుకు తినకుండా వాటిని తెచ్చి, కంచె కట్టిన చోట మళ్ళీ పాతిపెట్టేది. పక్క జాలరిపేట వైతికుప్పం నుంచి వచ్చినవాళ్ళు హాల్లో కూర్చుని ఆ సంగతులే చెప్పుకుంటున్నారు. "ఎంత తిరిగినా ఇల్లంటే ప్రాణం దానికి. ఏ పొద్దూ బయట తిన్లేదు, ఇంటికొచ్చి అందరితోనే తినేది" అంటోంది అత్త.

నిజమే, తినేది. వచ్చేసరికి వేడిగా వండి ఉంచిందెవరో ఎవరూ అడగలేదు. ఇసుకా ఉప్పూ పట్టిన ఆమె బట్టలు రెండేసి సార్లు జాడించాలి, లేకపోతే బిరుసెక్కుతాయి. మామయ్య కాళ్ళు పడిపోయినప్పుడు ఆయన్ని వీపున మోసుకెళ్ళి సముద్రం చూపించింది. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. ఆయన పక్కబట్టలు నేను ఉతికాను. అది పెరట్లో జరిగింది. వండిపెట్టి ఎదురుచూసే మనిషి ఒకరుంటే ఆడది కూడా అలా బతకొచ్చని ఆమెను చూశాకే తెలిసింది నాకు. యానాంలో ఇంటర్ మధ్యలో మాన్పించి పెళ్ళి చేసినప్పుడు, నాకు అలాంటి మనిషిని ఎవరూ ఇవ్వలేదు. నన్నే ఇచ్చారు. పోయిన మనిషి మీద ఈ అసూయ ఏమిటని నన్ను నేనే తిట్టుకుంటాను. తగ్గదు. నా కూతురు అభినయ నిద్రలో మేనత్తను "అత్తా" అని కలవరిస్తే ఇంకా పెరుగుతుంది.

ఆమె చెడ్డదని అనను. ఒకసారి తడి కాళ్ళతోనే వంటింట్లోకి వచ్చి, "రా పల్లవీ, ఈత నేర్పిస్తా. పిల్లను పట్టుకోని ఎప్పుడూ భయపడతా ఉంటే ఎట్లా?" అంది. "పొయ్యి మీద అన్నం ఉంది వదినా" అన్నాను. "సరే అయితే" అని వెళ్ళిపోయింది. పొయ్యి నేను చూస్తాలే, నువ్వు పో అంటుందేమోనని చాలాసేపు గుమ్మం వైపే చూశాను.

ఫొటో ముందు హారతి అయ్యాక అందరికీ ఆకులు వేశాం. మొదటి ముద్దకే ఈత క్లబ్బు కోచ్ తమిళరసన్ కళ్ళు మూసుకుని, "కవి చేతి రుచే" అన్నాడు. ఆమె బతికున్నప్పుడూ ఇంతే. క్లబ్బువాళ్ళు భోజనానికొచ్చి మెచ్చుకుంటే, నవ్వి ఇంకో గరిటె వేసేదే గానీ, నాది కాదని ఒక్కసారీ అనలేదు. "అక్క నేర్పించి పోయింది లే" అన్నాడు మా ఆయన రాజ్‌మోహన్, ఆకులోంచి తలెత్తకుండానే. గరిటె పట్టుకుని నేను ఆయన ఎదురుగానే ఉన్నాను.

కోచ్ అభినయను దగ్గరికి పిలిచాడు. "ఆదివారం నుంచి పంపండి. అత్తలాగే అవుతుంది."

"మేనత్త పోలికే గదా. వీళ్ళమ్మ గట్టున టవలు పట్టుకోని కూర్చుంటాది. నీళ్ళను చూస్తేనే వణుకు దీనికి" అంది అత్త. అందరూ నవ్వారు. అభినయ కూడా నవ్వింది.

గరిటె గిన్నెలో పెట్టాను.

"పెద్దవాళ్ళకూ నేర్పిస్తారా అన్నా?"

"వస్తే నేర్పిస్తాం, తంగచ్చీ" అన్నాడు కోచ్, చెల్లెల్ని పిలిచినట్టే.

"ఆదివారం పొద్దునా? పొయ్యి ఎవరు చూస్తారంట?" అన్నాడు మా ఆయన.

ఫొటోలో వదిన నన్నే చూస్తున్నట్టుంది.

"మీరు చూడండి" అన్నాను. "ఈ పులుసు నాది. ఎలా పెట్టాలో మీకు నేర్పించే వెళ్తాను."