అమ్మవారి పోతు గుట్టెక్కింది

మా ఊళ్ళో నా పేరు మీద ఒక మేకపోతు తిరుగుతూ ఉంది. పోయిన దీపావళికి నాకు డెంగీ జ్వరం వచ్చి చిత్తూరు పెద్దాసుపత్రిలో పడుకున్నప్పుడు మా అవ్వ కుప్పమ్మ గంగమ్మకు మొక్కుకుంది. భువన బతికి ఇంటికొస్తే పోతును వదులుతానంది. నేను బతికి వచ్చాను. అవ్వ ఒక నల్లపోతును తెచ్చి, కొమ్ములకు పసుపు పూసి, మెడలో పసుపుగుడ్డ కట్టి ఊరి మీదికి వదిలేసింది.

అమ్మవారికి వదిలిన జీవాన్ని మా ఊళ్ళో ఎవరూ కొట్టరు, కట్టెయ్యరు, అదిలించరు. గంగమ్మ జాతరలో బలిచ్చేదాకా అది ఎవరి చేలో పడి మేసినా ‘అమ్మ తినింది’ అనుకుంటారు. అంతవరకూ బాగానే ఉంది. శివరాత్రి దాటి ఎండలు ముదిరాక చేలల్లో పచ్చన అన్నది లేకుండా పోయింది. అప్పుడు పోతు బోడిగుట్ట ఎక్కింది.

అవ్వ కొత్తకోడలుగా ఈ ఊరికి వచ్చినప్పుడు ఆ గుట్టకు బోడిగుట్ట అనే పేరు లేదట. చెట్లను కట్టెలకు కొట్టారు, బొగ్గులకు కొట్టారు, మిగిలిన చిగుర్లను మేకలు మేశాయి. చివరికి రాళ్ళు మిగిలాయి. వాన పడితే ఎర్రనీళ్ళు ఒక్క ఉరుకున కిందికొచ్చి మా చేలల్లో ఇసుక మేట వేసి పోయేవి. గుట్ట కింద బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. పోయిన ఏడాది వరదయ్య తాత ఇంటింటికీ తిరిగి, తిట్లు తిని, టీలు తాగి, ఊరిని ఒప్పించాడు. గుట్టకు అడ్డంగా కందకాలు తవ్వాం. వాన నీళ్ళు అక్కడే ఆగి ఇంకేలాగా ఊరంతా కలిసి తవ్వాం. వాటి గట్ల మీద వేప, కానుగ, నేరేడు, సీతాఫలం నాటాం. మూడేళ్ళు ఎవరి మేకలూ గుట్ట ఎక్కకూడదని కట్టడి పెట్టుకున్నాం.

ఆ కట్టడి వల్ల అందరికంటే ఎక్కువ కష్టం మునిశేఖర్ మామకు. ఆయనకు పెద్ద మంద ఉంది. గుట్ట మూసేశాక రోజూ ఐరాల రోడ్డు దాకా తోలుకుపోయి మేపుకొస్తున్నాడు.

కానుగను, సీతాఫలాన్ని మేకలు ముట్టవు. మిగతావి మా పోతుకు పండగ. నేను నాటిన వరసలో నేరేడు మొక్కలకు ఆకన్నదే లేకుండా చేసింది. వరదయ్య తాత చేతికర్రను వీపు వెనక దాచుకుని, “దిగమ్మా, దిగు తల్లీ” అని దాన్ని బతిమాలుతూ ఉంటే నేను చూశాను. అది ఆయన్ను చూస్తూనే ఇంకో కొమ్మ నమిలింది.

బడికి పోయే దారిలో మునిశేఖర్ మామ ఎదురైతే చాలు, “ఏమి పాపా, నీ పోతుకు నేరేడాకు బాగా పడినట్లుండాదే! మా మేకలకు గూడా కొంచిం రుచి సూపించరాదా?” అనేవాడు. నేను తల దించుకుని వచ్చేసేదాన్ని. నాకు మామూలుగానే నలుగురిలో మాట పెగలదు. పోతు నాది కావడంతో ఆ పెగిలేది కూడా పోయింది.

ఆదివారం పొద్దున గుట్ట కింద బోరు షెడ్డు దగ్గర ఊరు కూడింది. తలెత్తితే పోతు పైన కనబడుతూనే ఉంది.

“అమ్మపోతు తినొచ్చంట. మా మేకలు ఏం పాపం జేసినాయి మామా? అవి గూడా రేపు జాతరకు కోసేవే గదా!” అన్నాడు మునిశేఖర్ మామ. జనం నవ్వారు.

“ఒక పోతు, నీ మంద, రెండూ ఒకటేనా శేఖరా?” అన్నాడు వరదయ్య తాత.

“ఒకటైనా మందైనా నోరు నోరే. కట్టడి అంటే అందరికీ కట్టడి. లేదంటే నా మంద గూడా ఎక్కతాది.”

ఇంకో ఇద్దరు మేకలవాళ్ళు కూడా అవునన్నారు. మంద ఒక్కపూట ఎక్కితే చాలు, ఏడాది చాకిరీ పోతుంది. మళ్ళీ తవ్వడానికి ఎవరూ రారు.

తాత మా అవ్వ వైపు తిరిగాడు. “కుప్పమ్మక్కా, జాతర దాకా దాన్ని నీ ఇంటికాడ కట్టేసుకోరాదా?”

అవ్వ లేచి నిలబడింది. “కట్టేసేదానికి నేనెందుకు వదిల్తినప్పా? బిడ్డ పానం మీద మొక్కు అది. నా సేత్తో తాడెయ్యను. నీకు ధైర్యముంటే నువ్వెయ్యి.”

అంత ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

నేను అవ్వ వెనక కూర్చుని ఉన్నాను. నాకొక సంగతి తెలుసు. మొన్న మొక్కల మొదళ్ళ చుట్టూ తేమ ఆరకుండా పరుద్దామని చెనక్కాయ కట్టె, అదే కాయలు దూసేసిన ఎండు వేరుశనగ చెట్లు, ఒక మోపు మోసుకుని గుట్ట ఎక్కాను. ఆ వాసనకు పోతు మొక్కను వదిలేసి నా వెనకాలే కందకం పొడుగునా వచ్చింది. అది అవ్వ చెవిలో చెప్పాను.

“నాకు సెప్తే ఏం లాభం? నా నోరు నీకు అరువియ్యను. లేసి నువ్వే సెప్పు” అంది అవ్వ, అందరికీ వినబడేలాగా.

ఇక లేవక తప్పలేదు.

“కొట్టగూడదు. కట్టగూడదు. అదిలించగూడదు” అన్నాను. “మేత పెట్టగూడదని ఎవురైనా సెప్పినారా? అది తింటా ఉంటే అందరం ఊరకే సూస్తా ఉండాం. మనంతట మనం దానికి ఒక్క పరక పెట్టినామా? ఆకలేస్తే గుట్టెక్కక ఏం జేస్తాది?”

మునిశేఖర్ మామ చప్పట్లు కొట్టాడు.

“పాపకు నోరుండాదే! సరే, అదిగో ఆడుండాది నీ పోతు. కర్ర లేకుండా, కేక లేకుండా దించు. దించితే నా మంద ఈ గుట్ట దిక్కు సూడదు. దించలేదంటే సాయంత్రానికి నా మేకలు పైనుంటాయి. ఊరికి సమ్మతమేనా?”

వరదయ్య తాత నా మొహంలోకి చూశాడు. “సమ్మతమే” అన్నాడు. ఏడాది పొడుగునా తాను కాచిన గుట్టను ఆయన నా చేతిలో పెట్టేశాడు.

ఇంటికి పరుగెత్తి చెనక్కాయ కట్టె ఒక మోపు తెచ్చాను. గుట్ట ఎక్కి పోతుకు కొంచెం దూరంలో నిలబడి మోపు ఆడించాను. అది చూసింది. చూసి, నేరేడు మొక్క దగ్గర నుంచి వేపమొక్క దగ్గరికి పోయింది. ఒక అడుగు ముందుకు వేశాను. అది రెండడుగులు పైకి ఎక్కింది.

“పేరు పెట్టి పిలూ!” అని కింద నుంచి ఎవరో అరిచారు.

“దాని పేరు గూడా భువనేశ్వరేనా?” అని ఇంకొకరు.

నవ్వులు గుట్ట మీదికి వచ్చాయి. మొన్న ఎందుకొచ్చింది, ఇప్పుడెందుకు రాదు? మొన్న నేను దాన్ని పిలవలేదు. దాని వైపు చూడనైనా లేదు. నా పనిలో నేనుంటే వెనకాల వచ్చింది. ఎదురుగా వచ్చే మనిషంటే ఏ మేకకైనా అనుమానమే.

వెనక్కి తిరిగాను. మోపును కొసలు వీపు మీద వేలాడేలా భుజాన వేసుకుని మెల్లగా దిగడం మొదలుపెట్టాను. తిరిగి చూడకూడదు అనుకున్నాను. ముందు నా చెప్పుల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. కింద ఊరంతా నిలబడి ఉంది. మామూలుగా అయితే అన్ని మొహాల వైపు నేను చూడలేను. ఆరోజు చూశాను, ఎందుకంటే నా వెనక ఏం జరుగుతుందో ఆ మొహాల్లోనే తెలియాలి. వాళ్ళెవరూ నన్ను చూడడం లేదు. నా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నారు. నవ్వేవాళ్ళ నోళ్ళు మెల్లమెల్లగా మూతపడ్డాయి. రెండో కందకం దాటేసరికి మోపును ఎవరో పట్టి లాగినట్టయింది.

షెడ్డు దగ్గర మోపు దించితే పోతు తల వంచి తినసాగింది.

“ఇది మేక గాదప్పా, కుక్కపిల్ల” అన్నాడు మునిశేఖర్ మామ. కాసేపు దాన్నే చూసి, “సరే, ఈపొద్దు దిగింది. మరి రేపు?” అన్నాడు.

“రేపు మా ఇంట్లో మేత పెడతాము” అన్నాను.

“మంగళారం మాకియ్యండి. అమ్మ మా గడపకొచ్చినట్లుంటాది” అంది వసంతమ్మత్త.

“మంగళారం నీకెందుకు మే? మేమూ మొక్కుకునుండాం!” అని వెనక నుంచి ఇంకొకామె. ఇక శుక్రవారం ఎవరికి, అమావాస్య ఎవరికి అని గొడవ మొదలైంది. పొద్దుటిదాకా ఆ పోతు ఎవరికీ పట్టలేదు.

“మీరంతా కలిసి మేపితే జాతరనాటికి అది లేసి నిలబడలేదు” అన్నాడు మునిశేఖర్ మామ. “రాత్రిపూట నా దొడ్డికాడికి రానీండి. తాడెయ్యనులే కుప్పమ్మత్తా, అట్ల సూడొద్దు. తలుపు తీసే పెడతా. ఆడమేకలుంటే అదే నిలబడతాది. ఒంటి జీవం గాబట్టి ఇట్ల తిరగతా ఉండాది.”

“నీ మేకలకు గుట్ట మీద కందకాల పక్కన లేచిన గడ్డి కోసుకో శేఖరా. కొడవలికి కట్టడి లేదు” అన్నాడు వరదయ్య తాత.

“కోసేదెవురు, నువ్వా?”

“నేనే. రేపు పొద్దున్నే.”

“నీ నడుం విరిగితే ఆసుపత్రికి మోసేది గూడా నేనేనా మామా?” అంటూ మునిశేఖర్ మామ తన మంద వైపు నడిచాడు. ఐరాల రోడ్డు వైపే తోలుకుపోయాడు.

ఎండ తగ్గాక బిందె తీసుకుని పైకి వెళ్ళాను. పోతు కొరికిన నేరేడు మొక్కలను ఒక్కొక్కటే గోటితో గీకి చూశాను. చాలావాటికి తొక్క కింద పచ్చగానే ఉంది. మొదట్లో నీళ్ళు పోసి, చుట్టూ చెనక్కాయ కట్టె పరిచి, ముళ్ళకంప పెట్టాను. ఎండిపోయినవి మూడో నాలుగో ఉన్నాయి. వాటి గుంతలను వానలకు కొత్త మొక్కలు పెట్టేందుకు శుభ్రం చేసి పెట్టాను.

కింద మా వాకిట్లో నుంచి అవ్వ అరిచింది. “ఏమే, సీకటి పడతా ఉండాది, దిగు!”

“ఇంకా రెండు వరసలుండాయి. బిందె నీళ్ళు పంపించు!” అని గుట్ట మీద నుంచి అరిచాను.