ఈగ వాలని బాణాలు

పేడనీళ్ళంటే నవ్వులాటే కదా అనుకునేవాళ్ళు బస్తరులో కొంటా పక్క పల్లెల్లో విత్తనాల పండుగ ఎన్నడూ చూడలేదన్నమాట. అవి బస్తరు రాజుగారి ఏలుబడి రోజులు. శబరి ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో, తొలకరికి ముందు విత్తనాలకు పూజ జరిగాక మగవాళ్ళంతా వేటకు పోవాలి. వేట దొరికిందా, ఊరివాళ్ళు డోలు కొట్టుకుంటూ ఎదురొస్తారు. ఉత్త చేతులతో వచ్చారా, ఊరి మొదట్లో తాడు కట్టి ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలతో కాచుకుని ఉంటారు. తోడబుట్టినవాడి మీద పొయ్యకూడదు, అంతే. మిగతావాళ్ళు ఎంత మొత్తుకున్నా వదలరు. ఒక్క దారి మాత్రం ఉంది. బాణం మొనకు నెత్తురు చూపించి, "దెబ్బ తగిలింది, జంతువు పారిపోయింది" అని ప్రమాణం చేస్తే తాడు ఎత్తి పొమ్మంటారు.

సుక్కాకు పదహారేళ్ళు. వేటంటే పడిచస్తాడు. కానీ ఈ ఏడు పండుగనాడు భయపడుతూనే నిద్ర లేచాడు. ఎండలు ముదరకముందే అతనూ, గంగే అనే అతని చెల్లెలూ, యేసయ్య సంగతులు చెప్పే ఉపదేశి రాఘవులు గారి చేత శబరిలో బాప్తిస్మం తీసుకున్నారు. ఊరందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ అడగలేదు, వీళ్ళూ చెప్పలేదు. పండుగ వచ్చాక ఆ దాగుడుమూతలు సాగలేదు.

గంగేకు ముందే తగిలింది దెబ్బ. తాడు వెనక నిలబడే ఆడపిల్లల వరుసకు పెద్ద ముయె అనే పిల్ల, వీళ్ళ మేనమామ కూతురే. "యేసు గీసు అంటూ మాట్లాడకుండ నోరు మూసుకుని నిలబడితేనే మా వరుసల చోటు" అని చెప్పేసింది. గంగే తెల్లవారుజామున అన్న దగ్గర కూర్చుని ఏడ్చింది. చివరికి కుండ పట్టుకుని, నోరు మూసుకుని పోయింది.

వేటకు బయలుదేరేచోట పూజారి తాత ఒక్కొక్కరి నుదుట కోడి నెత్తురు బొట్టు పెడుతున్నాడు. సుక్కా వంతు వచ్చింది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"తాతా, నాకొద్దు. నేను యేసయ్య మనిషిని. నా ప్రార్థన నేను చేసుకుంట."

అబ్బో, కుర్రాళ్ళలో గోల లేచింది! అందరికంటే ముందు ముయె వాళ్ళ అన్న కేసా ఎగిరాడు. ఆ గుంపుకు వాడే నాయకుడు. "ఇయ్యాల వేట తప్పిందంటే నీ వల్లే సుక్కా, సూస్కో!" అన్నాడు. పూజారి తాత మాత్రం తాపీగా, "నుదురు వాడిది, ఇష్టం వాడిది. విల్లు సక్కగ పట్టుకో బిడ్డా" అని పక్కవాడి వైపు తిరిగాడు.

సుక్కా ఓ పక్కకు పోయి ప్రార్థనకు కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి అక్కడ ఒక్క పురుగు కూడా లేదు. గుంపంతా అతణ్ణి వదిలేసి అడవిలోకి పోయింది.

పరుగో పరుగు! రొప్పుతూ వాళ్ళను కలుసుకున్నాడో లేదో, ఎదుటి పొదలు గలగలలాడాయి. అడవిపంది! ఇంత లావున కొవ్విన పంది, బుసకొడుతూ సరిగ్గా సుక్కా ముందుకే దూసుకొచ్చింది. "కొట్టు, కొట్టు!" అని కేకలు. విల్లు వంచాడు, వదిలాడు. బాణం పోయి ఇప్పచెట్టులో దిగబడింది. పంది వాగు దాటి ఉడాయించింది.

ఆ తరవాత సాయంత్రం దాకా అడవి గాలించినా కుందేలు తోక కూడా కనబడలేదు. ఎండ, దాహం, పైగా దారి పొడుగునా సుక్కాకు దెప్పిపొడుపులు. ఊరు దగ్గరపడేసరికి కేసా ఒక వేగిస చెట్టు దగ్గర ఆగి, గొడ్డలితో బెరడు మీద ఒక గాటు పెట్టాడు. ఎర్రటి జిగురు అచ్చం నెత్తురులా కారింది. కుర్రాళ్ళు కిసకిసా నవ్వుకుంటూ బాణాల మొనలకు పూసుకున్నారు.

"ఇగ నువ్వు పూయి" అన్నాడు కేసా.

సుక్కా కదల్లేదు.

"ఏంది సూస్తన్నవ్? ఒక్కడు నిజం చెప్తే అందరం మునుగుతం. పూస్తవా, పుయ్యవా? పుయ్యకుంటే ఇయ్యాల్టితో నీకూ మాకూ చెల్లు. వేటకు పిలవం, చేపలకు పిలవం, నీ దిక్కు కూడ సూడం."

వాడన్నంత పనీ చేస్తాడు. సుక్కాకు భయం వేసింది. వీళ్ళు లేకుండా ఊళ్ళో ఏం బతుకు? ఎవరితో ఈదుతాడు, ఎవరితో కొట్లాడతాడు? చెయ్యి దానంతటదే జిగురు దాకా పోయింది. వేలికి అంటింది కూడా. కానీ పొద్దున అంతమంది ముందు ఎవరి పేరు చెప్పుకున్నాడు? పొద్దుగూకేసరికి అదే నోటితో దొంగ ప్రమాణమా? ఛీ అనిపించింది. వేలిని నేలకేసి రుద్దుకుని అందరికంటే ముందు నడిచాడు.

ఊరి మొదట్లో డోళ్ళు మోగుతున్నాయి. తాడు వెనక ముయె, పక్కన గంగే, వరుసంతా కుండలు.

"రా బావా, రా!" అంది ముయె. "బాణం సూపించు. ప్రమాణం చెయ్యి."

"నెత్తురు లేదు. పంది ఎదురుగ వచ్చింది, గురి తప్పిన" అన్నాడు సుక్కా, అందరికీ వినబడేలా. "నేను యేసయ్య మనిషిని ముయె. దొంగ ప్రమాణం చెయ్య."

"మరి వాళ్ళ బాణాలో?"

"నాది నేను చెప్పిన. వాళ్ళవి వాళ్ళనే అడుగు."

ఇంకేం! కుండ మీద కుండ. చెవుల్లో పేడ, ముక్కులో పేడ. "నీ దేవుడు గొడుగు పట్టలేదేందిరా!" అని వెనక నుంచి కుర్రాళ్ళు ఈలలు. సుక్కా కళ్ళు తుడుచుకుని చూసేసరికి గంగే కుండ కింద పెట్టేసి, తాడు కింద నుంచి దూరి అతని పక్కకు వచ్చేసింది.

"నేను కూడ యేసయ్య మనిషినే!" అని అరిచింది. "పొద్దున్నుంచి నోరు మూసుకున్న, ఇగ నా వల్ల గాదు. మా అన్న మీద పోసేటోళ్ళు నా మీద కూడ పొయ్యుండ్రి!"

డోలు ఆగింది. వరుస చివర ఉన్న ముసలమ్మ మాత్రం, "అడిగినంక లేదంటమా తల్లీ" అని తన కుండ గంగే నెత్తిన కుమ్మరించింది. గంగే కెవ్వుమంది, తరవాత పకపకా నవ్వింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ పేడ ముద్దల్లా నిలబడి ఒకరినొకరు చూసుకుని నవ్వుతూనే ఉన్నారు. సుక్కాకు పొద్దుటి భయం ఎటు పోయిందో తెలియలేదు. ఎగిరి గంతేయాలనిపించింది, వేశాడు.

అప్పుడు కేసా దర్జాగా ముందుకొచ్చి, ఎర్రటి బాణం పైకెత్తి, ప్రమాణానికి గొంతు సవరించుకున్నాడు.

"ఆగన్నా" అంది ముయె. "ఊళ్ళె ఈగలన్నీ ఈడనే ఉన్నయి. పేడ మీద వాలినయి, కుండల మీద వాలినయి. నీ నెత్తురు మీద ఒక్కటన్న వాలదేంది?"

బాణం లాక్కుని వాసన చూసింది. నాలిక కొసతో తాకి తుపుక్కున ఉమ్మింది. "వేగిస జిగురు!"

ఊరు ఘొల్లుమంది. కుర్రాళ్ళు తలో దిక్కుకు, ఆడవాళ్ళు వాళ్ళ వెంట! ముయె చేతిలో నిండు కుండ ఉంది గానీ ఎదురుగా ఉన్నది సొంత అన్నాయె.

"గంగే!" అని పిలిచింది. "ఇటు రా. నేను పొయ్యకూడదు. నీ బావ, నువ్వే పొయ్యి. వరుసల నీ చోటు నీదే."

"పోస్త. కానీ నోరు మూసుకుని నిలబడ."

"నీ నోరు ముయ్యడం ఎవరి తరమే! పొయ్యి ముందు!"

గంగే పోసింది, ఒక్క చుక్క మిగలకుండా.

పొద్దు వాలుతుండగా మగపిల్లలంతా శబరిలో పడ్డారు. సుక్కా ఎడంగా, ఒక రాయి దగ్గర ఒళ్ళు రుద్దుకుంటున్నాడు. కేసా ఈదుకుంటూ వచ్చి ఆ రాయే పట్టుకున్నాడు.

"అంత దగ్గరున్న పందికి గురి ఎట్ల తప్పినవ్‌రా?"

"ఉరికొచ్చిన గద. ఆయాసం. చేతులు నిలవలే" అన్నాడు సుక్కా. "కళ్ళు తెరిచేసరికి మీరు లేరు."

కేసా బుడుంగున మునిగి, చాలాసేపటికి పైకి తేలాడు. జుట్టులో ఇంకా పేడ ఉంది.

"రేపు తెల్లారి మళ్ళ పోతన్నం" అన్నాడు అటు తిరిగి. "నీ ప్రార్థన చేసుకో. మేం ఆగుతం."