మాస్టారు చెప్పిన జవాబు

చేపల మార్కెట్లో ఆయన్ని అందరూ ‘మైకు’ అనేవాళ్ళు. మైకు అక్కర్లేని మనిషి కనుక ఆ పేరు. తెల్లారేసరికి పడవల్లోంచి బుట్టలు దిగేవి, ఈయన బల్లెక్కి వేలం మొదలుపెట్టేవాడు. ఆ గొంతు మార్కెట్ గోడ దాటి, రోడ్డు దాటి, అవతలి సందులో గిన్నెలు తోముకుంటున్న భార్య చెవిన పడేది. అరుపు ఆగిందంటే సరుకు అమ్ముడుపోయినట్టే. ఇంకాసేపట్లో ఆకలో ఆకలి అంటూ ఊడిపడతాడని ఆవిడ పొయ్యి వెలిగించేది.

అలాంటి గొంతుకే జబ్బు చేసింది. చేసింది సరే, మందులకి లొంగిందా? లేదు. కోసి తీసేయాల్సిందే అన్నారు, తీసేశారు. ఇప్పుడు మెడ కింద ఒక రంధ్రం, అందులో చిన్న గొట్టం, ఊపిరంతా అందులోంచే. పెదాలు మాత్రం ఎప్పటిలాగే కదులుతాయి. కదిలి ఏం లాభం, చప్పుడు రాదు.

ఆ పెదాలు చూసి మాట పట్టడం భార్య నేర్చుకుంది. అప్పట్నుంచి మార్కెట్ వాళ్ళు ఆవిడకి ‘చిన్నమైకు’ అని పేరు పెట్టేశారు. పేరు పెట్టారు కానీ, ఈ మైకులో ఏ మాట ఏ మాటగా బయటికొస్తుందో ఎవరికీ తెలీదు. దుకాణంలో ఆయన, “ఈ దొంగవెధవ దగ్గరా కొనేది, పదవే” అని పెదాలు కదిపితే, ఈవిడ, “మళ్ళీ వస్తామంటున్నారండీ” అని నవ్వేది. చూడ్డానికొచ్చిన చుట్టాన్ని చూసి ఆయన “ఎప్పుడు కదుల్తాడు వీడు?” అంటే, ఈవిడ “భోంచేసి వెళ్ళమంటున్నారు అన్నయ్యగారూ” అనేది. ఆయన కళ్ళెర్రజేసేవాడు.

“నేనన్నది అది కాదు కదే!”

“తెలుసులెండి. నలుగురిలో బతకాలా, వద్దా?”

ఒకరోజు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. గొంతు జబ్బుల వార్డు కొత్తగా కడుతున్నారట. పాత వార్డులో ఉండి వెళ్ళిన రోగుల్ని, వాళ్ళ ఇంటివాళ్ళని పిలిచి, ఏది ఎలా ఉండాలో అడిగి మరీ కడతారట. ఆవిడ ఆ మాట చెప్పడం పూర్తి కాకుండానే మైకు పెదాలు ఒకే ఒక్క మాట అన్నాయి. “బెల్లు.”

ఆ బెల్లు సంగతి వాళ్ళిద్దరికే తెలుసు.

పాత వార్డులో మైకు పక్క మంచం లెక్కల మాస్టారిది. ఆయనకీ అదే ఆపరేషన్, మెడలో అదే గొట్టం. గొంతుల్లేని మనుషులిద్దరూ పొద్దున లేచింది మొదలు పెదాలతోనే కబుర్లు, నవ్వులు. “వీళ్ళిద్దరి గోల భరించలేకపోతున్నాం తల్లీ” అని నర్సులు ఆటపట్టించేవాళ్ళు. ఒక్క చప్పుడుంటే ఒట్టు.

ప్రతి మంచం దగ్గరా ఒక బెల్లుండేది. నొక్కితే అక్కడెక్కడో నర్సుల బల్ల దగ్గర మోగుతుంది. మంచం పైన గోడలో ఉన్న స్పీకరు “ఏం కావాలండీ?” అని అడుగుతుంది. నోరుండీ మాటలేని వాళ్ళ వార్డులో, ఏం కావాలండీ! మిగతా వార్డులన్నిటికీ పెట్టిందే ఇక్కడా పెట్టేశారు. ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో గానీ, ఒక్కపూట వచ్చి ఆ మంచం మీద పడుకుని ఉంటే తెలిసేది.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళని ఇంటివాళ్ళందర్నీ బయటికి పంపేశారు. చిన్నమైకు, మాస్టారి భార్య మెట్ల మీద కూర్చుని డబ్బాలు విప్పుకున్నారు. లోపల మాస్టారి గొట్టానికి కఫం అడ్డం పడింది. అది పీల్చి తీసేస్తే చాలు, పెద్ద పనేం కాదు. ఆయన బెల్లు నొక్కారు. ఏం కావాలండీ అంది స్పీకరు. ఇటునుంచి ఉలుకూ పలుకూ లేదు. పొరపాటున చెయ్యి తగిలిందనుకుని అవతల ఆపేశారు. ఆయన మళ్ళీ నొక్కారు. మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ అదే నిశ్శబ్దం.

అది చూసి మైకు మంచం మీంచి లేచాడు. లేచి ఏం చేశాడు? అరిచాడు. బతుకంతా చేసిందదే మరి. మెడ నరాలు పొంగేలా, ఒళ్ళంతా బిగబట్టి, బల్లెక్కి నిలబడ్డ రోజుల్లో అరిచినట్టే అరిచాడు. గొంతు లేదన్న సంగతే గుర్తురాలేదు. ఎంతసేపు అరిచాడో ఆయనకే తెలీదు. తెలివొచ్చి పళ్ళెం తీసుకుని ఇనుప మంచం మీద దబదబా బాదేసరికి నర్సులు పరిగెత్తుకొచ్చారు. అప్పటికే అయిపోయింది.

మాస్టారి భార్యకి తలుపు దగ్గర ఎవరో చెప్పారు, “నిద్రలోనే పోయారమ్మా, కష్టపడలేదు” అని. జాలితో చెప్పారో, భయంతో చెప్పారో. ఆవిడ ఆ ఒక్క మాటా పట్టుకుని నిలబడింది. తర్వాత ఎప్పుడు కనిపించినా, “నిద్రలో పోయారు వదినగారూ, అదే నాకు ఊరట” అనేది. మైకు ఇంటికొచ్చాక ఉన్నదంతా భార్యకి చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు. “ఎవరికైనా చెప్పండి గానీ ఆవిడ చెవిన మాత్రం వేయొద్దు. నాకు మాటివ్వండి” అని ఆవిడ పట్టుబట్టింది. ఇచ్చాడు.

ఇంత జరిగాక, మీటింగు గదిలోకి అడుగుపెట్టిన చిన్నమైకుకి బల్లకి అవతలివైపు ఎవరు కనిపించారనుకున్నారు? మాస్టారి భార్య. ఇంటివాళ్ళని పిలిచారంటే ఆవిడనీ పిలవరా? ఆ ముక్క ముందు తట్టలేదు. “రండి వదినగారూ” అంటూ ఆవిడ పక్క కుర్చీ లాగబోయింది కూడా. చిన్నమైకు బల్ల చుట్టూ తిరిగి ఆ కుర్చీ దగ్గరికి వెళ్ళలేదు. ఎదురుగానే కూర్చుండిపోయింది.

బల్ల చివర పెద్ద డాక్టరుగారు, ఆయన పక్కన హెడ్ నర్సు, ఇటుపక్క కొత్త వార్డుకి పరికరాలు బిగించే ఇంజనీరు. ఆ ఇంజనీరు బల్ల మీద ఏం పెట్టాడో చూడండి. కొత్త బెల్లు. తళతళలాడుతోంది.

“ఇది మంచం మంచానికీ పెడతాం. పాతదాంట్లో గరగర వచ్చేది, దీంట్లో మాట అద్దంలా వినబడుతుంది. రోగి చెప్పింది నర్సు కుర్చీలోంచి కదలకుండానే వినొచ్చు” అన్నాడు ముచ్చటపడిపోతూ.

“మాకూ మేలే. జవాబు రాకపోతే ఊరికే చెయ్యి తగిలిందని తెలిసిపోతుంది, అక్కడే ఆపేయొచ్చు” అంది హెడ్ నర్సు. పాపం, చెడ్డ మనిషేం కాదు. ఉన్న పద్ధతి ఉన్నట్టు చెప్పింది.

మైకు భార్యని మోచేత్తో పొడిచాడు. “చెప్పవే.”

“బెల్లు ఇంకొంచెం బాగుంటే బాగుండునంటున్నారండీ” అంది చిన్నమైకు, తల దించుకుని.

“అందుకే కదమ్మా కొత్తది తెచ్చాం!” ఇంజనీరు నవ్వాడు.

మైకు అరచెయ్యి బల్ల మీద ఫెడేల్మంది. నీళ్ళ గ్లాసులు అదిరాయి. అందరూ ఉలిక్కిపడ్డారు కానీ దాని అర్థం చిన్నమైకు ఒక్కదానికే తెలుసు. అది ఒకటోసారి. వేలంలో అరచెయ్యి మూడుసార్లు పడ్డాక ఇక మాటల్లేవు, సరుకు వెనక్కి రాదు. ఆయన ఈ గదిలో వేలం మొదలెట్టాడు.

ఆవిడ ఆయనవైపు తిరిగి, చప్పుడు రానివ్వకుండా తనూ పెదాలే కదిపింది. “ఎదురుగా ఎవరున్నారో చూశారా? నాకిచ్చిన మాటేమైంది?”

“రేపు ఆ మంచం మీద ఇంకొకడు పడుకుంటాడు. వాడి పెళ్ళానికీ ఇదే కథ చెబుతారా?”

“ఆవిడ తట్టుకోలేదండీ!”

“నేను తట్టుకుంటున్నానా?”

మొగుడూ పెళ్ళాలు నోరు తెరిచి పోట్లాడుకుంటుంటే గదిలో ఒక్క శబ్దం లేదు. అందరూ తెల్లమొహాలేసుకుని చూస్తున్నారు. “ఏమంటున్నారమ్మా?” అన్నాడు పెద్ద డాక్టరు, మెల్లగానే.

ఫెడేల్. రెండోసారి.

చిన్నమైకుకి ఏడుపు ముంచుకొచ్చింది. ఎన్ని తిట్లు మింగింది, ఎన్ని తప్పుమాటలు చక్కదిద్దింది! ఈ ఒక్కటి కూడా మింగేస్తే ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలీదు. అందుకే ఆవిడకి భయం వేసింది. మూడోసారి చెయ్యి పైకి లేచింది. అది కింద పడకముందే ఆవిడ నోరు విప్పింది.

చెప్పింది. భోజనాల వేళ, బెల్లు, స్పీకరు, కఫం, పళ్ళెం. ఒక్క ముక్క మార్చలేదు. మాస్టారి భార్య మొహంలోకి మాత్రం చూడలేకపోయింది, బల్ల మీదున్న తళతళలాడే బెల్లునే చూస్తూ చెప్పింది. “ఆయన నిద్రపోలేదండీ. బెల్లు నొక్కుతూనే ఉన్నారట. ఈయన లేచి అరిచారట. గొంతు లేదని మర్చిపోయి అరిచారట.”

హెడ్ నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంజనీరు ఆ బెల్లుని నెమ్మదిగా తనవైపు లాక్కున్నాడు. మైకు ఎత్తిన చెయ్యి అలాగే దించి ఒళ్ళో పెట్టుకున్నాడు.

అందరికంటే ముందు మాట్లాడింది మాస్టారి భార్యే.

“అన్నయ్యగారూ, ఆ గోడలోంచి ఏం కావాలని అడిగినప్పుడు మా ఆయన ఏం చేశారు?”

మైకు భార్యవైపు తిరిగాడు. తర్వాత పెదాలు కదిలాయి. చిన్నమైకు చూసింది, చూసి కళ్ళు తుడుచుకుంది.

“జవాబు చెప్పారటండీ. స్పీకరు వైపు తిరిగి, ‘ఊపిరాడటం లేదమ్మా, ఒక్కసారి వస్తారా’ అని. అడిగినప్పుడల్లా చెప్పారట.”

“చెబుతారు” అంది ఆవిడ. “ఎవరేం అడిగినా జవాబు చెప్పకుండా ఉండలేరు ఆయన. చిన్నపిల్లలడిగినా సరే.”

పెద్ద డాక్టరు లేచి వచ్చి మైకు పక్కన కూర్చున్నాడు. “బెల్లు ఎలా ఉండాలో మీరే చెప్పండి” అన్నాడు. మైకు చెప్పాడు, చిన్నమైకు చెప్పింది. “అడగొద్దంటున్నారు. నొక్కితే రావాలి, అంతే. మనిషొచ్చి మంచం దగ్గర చేత్తో ఆపేదాకా అది మోగుతూనే ఉండాలి. మీ బల్ల దగ్గర ఆపే వీలే ఉండకూడదంటున్నారు.” అలాగే చేద్దామన్నాడు డాక్టరు. స్పీకరు పీకేస్తానన్నాడు ఇంజనీరు. హెడ్ నర్సు తలూపింది. కావలసింది దక్కింది, కానీ మైకు మొహంలో వేలం గెలిచిన కళ లేదు.

బయటికొస్తే అవే మెట్లు. మాస్టారి భార్య అక్కడే నిలబడి ఉంది. చిన్నమైకు ఆవిడ చేతులు పట్టేసుకుంది. “నన్ను తిట్టండి వదినగారూ. ఇన్నాళ్ళూ దాచాను, ఇవాళేమో నలుగురిలో అలా...”

“తిట్టను. నిద్రలో పోయారనుకునే నేను నిద్రపోతూ వచ్చాను. ఇక అది లేదు. అంతే కదా” అంది ఆవిడ. అంతే కదా అంటుంటే కన్నీళ్ళు వాటంతటవే కారుతున్నాయి. తర్వాత మైకు వైపు తిరిగింది.

“అన్నయ్యగారూ, మీకో సంగతి చెప్పనా? ఆపరేషనయ్యాక ఆయన మాట్లాడింది నాకు ఒక్కటీ తెలిసేది కాదు. వదినగారికి పట్టుబడిన విద్య నాకు పట్టుబడలేదు. అర్థం కాలేదంటే చిన్నబుచ్చుకుంటారని అన్నిటికీ తలూపేదాన్ని. పలక తెస్తానంటే ఆయన వద్దనేవారు. నా మాటలన్నీ నీకు తెలుస్తున్నాయిగా అన్నట్టు నవ్వేవారు. ఆయన మాట తెలిసింది మీ ఒక్కరికే. నా గురించి ఏమైనా అనేవారా?”

మైకు పెదాలు కదిలాయి. చిన్నమైకు చదివింది. పాత అలవాటు ఒక్క క్షణం నాలిక చివరిదాకా వచ్చింది. మిమ్మల్ని మెచ్చుకునేవారటండీ అని ఒక్క మాట అనేస్తే పోయేది. అనలేదు.

“ఆయనకి తెలుసట వదినగారూ, మీకు అర్థం కాదని. మీరు ఇంటికెళ్ళాక ఈయనతో చెప్పేవారట. ‘మా ఆవిడ పిచ్చిది, అన్నిటికీ తలూపుతుంది. పలక తెచ్చుకుంటే రాయాల్సొస్తుంది, రాస్తే చదివి బెంగపెట్టుకుంటుంది. ఇదే నయం. ఇవాళ నాకు భయంగా ఉందే అన్నాను. నవ్వి తలూపింది’ అని.”

మాస్టారి భార్య మెట్ల మీద కూలబడింది. వాళ్ళిద్దరూ చెరోపక్కన కూర్చున్నారు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు పక్కనుంచి తప్పుకుని పోతున్నారు.

“ఇంకా ఏమన్నారు?” అంది ఆవిడ. “అన్నీ చెప్పండి. ఏదీ దాచొద్దు.”

మైకు చెబుతూ పోయాడు, చిన్నమైకు ఉన్నదున్నట్టు పలుకుతూ పోయింది. ఈసారి మాస్టారి భార్య తలూపలేదు. వింటూ కూర్చుంది.