అరవై రెండు పెట్టెల మాటలు

బీన్స్ ఈనెలు తీస్తూ ఆమె చదువుకుంటోంది. ఒళ్ళో గిన్నె, పక్కన ఫోను, ఫోనులో కారు కోడింగ్ సాఫ్ట్‌వేర్ల గురించి, అంటే కార్లలోని కంప్యూటర్ల సెట్టింగులు మార్చేవాటి గురించి మూడు వందల పేజీల పుస్తకం.

"వంటింట్లో కూర్చుని ఏ పరీక్షకే చదువు?" అని అత్తగారు నవ్వింది.

ఏమని చెబుతుంది? ఇంటి ముందున్న కార్ల షెడ్డు భర్తది. చప్పుడు విని ఇంజను జబ్బు చెప్పేసే మనిషి, కొత్త కార్లు వచ్చాక వారానికి ఒక కారైనా బాగుచేయలేక తిప్పి పంపేస్తున్నాడు. ఫోన్లెత్తడం, విడిభాగాలకు కబురు పెట్టడం, వచ్చినవాళ్ళకు టీలివ్వడం పదకొండేళ్ళుగా ఆమె వంతు. "మా ఆవిడ ఖాళీగానే ఉంటుంది," అంటాడాయన అందరితో.

ఆ ఉదయం సాఫ్ట్‌వేర్లు అమ్మేవాడు వచ్చాడు. మూడు రకాలు చూపించాడు. మూడూ ఆయనకే చూపించాడు. రంగురంగుల బొత్తాలున్న మొదటిదాని మీద ఆయన మనసు పడింది.

టీ కప్పులు పెడుతూ ఆమె అడిగింది. "కొత్తది రాసేముందు కారులో ఉన్న పాత కోడింగ్‌ని ఇది దాచిపెడుతుందా అండీ?"

అమ్మేవాడు మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "లేదండీ."

"మరి మధ్యలో ఏదైనా తేడా వస్తే?"

"నీకెందుకే ఇవన్నీ," అన్నాడు భర్త. కోపంగా కాదు, ఈగను తోలినట్టు. ఆ మాట వినబడ్డ ప్రతిసారీ ఆమె లోపలికి వెళ్ళిపోయేది. ఈసారి కాళ్ళు కదల్లేదు.

"మూడోది పెట్టండి," అంది. "చూడ్డానికి బోసిగా ఉంటుంది గానీ, ముందు పాతది దాస్తుంది. ఏం మారుస్తోందో చూపించి మరీ రాస్తుంది. తప్పు చేసినా వెనక్కి రావచ్చు." భర్త కాదనేలోపే అమ్మేవాడు దాన్ని షెడ్డు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు.

షెడ్డులో ఒక నర్సు తన కారు దగ్గర నిలబడి ఉంది. తాళం వేసిన పది సెకన్లకే ఆ కారు లైట్లు ఆరిపోతాయి. డ్యూటీ దిగి వచ్చాక ఇంటి తలుపు దాకా చీకట్లో తడుముకుంటూ నడవాలి. రెండు షెడ్లవాళ్ళు కుదరదనేశారట.

మధ్యలో కరెంటు తగ్గకుండా ఆమె బ్యాటరీకి ఛార్జరు తగిలించింది. స్టీరింగ్ కింద తీగ గుచ్చి ల్యాప్‌టాప్ తెరిచింది. తెర మీద పేర్లు ఒక్కొక్కటే పైకి లేచాయి. అరవై రెండు. తలుపుకొక చిన్న పెట్టె, అద్దానికొకటి, సీటుకొకటి, ప్రతి పెట్టెలోనూ ఒక బుర్ర. చినుకు పడితే వైపరుకు కబురు, బ్రేకు తొక్కితే వెనక దీపానికి కబురు, సెకనుకు వేల మాటలు, ఒక్క చప్పుడు లేకుండా. ఇన్నేళ్ళూ ఇనుమనుకున్నదాని లోపల ఒక ఊరే కాపురముంది. ఎవరి కంటా పడకుండా, ఎవరి మెప్పూ లేకుండా, క్షణం ఆగకుండా పనిచేస్తోంది. ఆమె కళ్ళు చెమర్చాయి. తుడుచుకోవాలనిపించలేదు.

లైట్లు ఆరే గడువు పది సెకన్లున్న చోట అరవై అని కొట్టింది. సాఫ్ట్‌వేరును రాయమంది. అది పాతది దాచి, కొత్తది రాసింది.

ఆమె తీగ తీసి ల్యాప్‌టాప్‌తో దిగాక నర్సు కారుకు తాళం వేసింది. ఎదుటి గోడ మీద వెలుగు పరుచుకునే ఉంది. గేటు దాకా నడిచి వెనక్కి తిరిగింది. "ఇంకా వెలుగుతున్నాయి!" అంది చిన్నపిల్లలా. "నిజంగా మీరే చేశారా ఇది?"

"నేనే," అంది ఆమె.

భర్త దగ్గరికొచ్చాడు. ఆ అరవై రెండు పేర్లనూ నోరు తెరుచుకుని చూశాడు. గ్రీజు వేళ్ళతో ల్యాప్‌టాప్ తన వైపు లాక్కోబోయాడు.

"చేతులు కడుక్కుని రండి," అంది తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "వచ్చి పక్కన కూర్చోండి. నేర్పిస్తాను."