వెరోనికా పాటలో మొదటి మాట

ఆ చర్చిని పోర్చుగీసువాళ్లు కట్టారు. వాళ్లు ఓడెక్కి పోయారు. తెల్లటి గోడలూ లాటిన్ పాటలూ ఊరికి మిగిలాయి. ఆ లాటిన్ ఊళ్లో ఒక్కరికీ అర్థం కాదు. అంతమాత్రాన ఆ పాటలు వింటే ఏడుపు ఆగుతుందా?

గుడ్ ఫ్రైడే నాడు గంటలు మోగవు, చెక్కపలకలే టకటకలాడతాయి. నల్ల ముసుగు వేసుకున్న పిల్ల, సిలువ మోస్తున్న ఏసు ముఖం తుడిచిన వెరోనికాగా పీట ఎక్కి, ఆయన ముఖం అచ్చుపడ్డ గుడ్డను విప్పుతూ పాడుతుంది. ఒకప్పుడు పియేదాద్ పాడింది. కొబ్బరి రుబ్బుతూ వాళ్లమ్మ నేర్పిన పాట అది. ఆ తరవాత ఊరి ఆడపిల్లలందరికీ పియేదాదే నేర్పింది. ఈసారి మనవరాలు జసింతా వంతు.

సాధన విని కొత్త పాద్రీ నవ్వాడు.

"పియేదాద్ బాయి, మొదటి మాటే తప్పు. లాటిన్‌లో 'ఓ వోస్' అని ఉంది, 'ఓ, మీరు' అని. మీరేమో 'అవయ్' అంటున్నారు."

అవయ్ అంటే వాళ్ల కొంకణిలో అమ్మ.

"మా అమ్మ అట్లాగే నేర్పింది, పాద్రీ."

"ఆవిడ లాటిన్ చదివారా?"

"చేపలమ్మేది. ఎక్కడ చదువుతుంది?"

పొరుగింటి కోన్స్‌తాన్స్ ఊరుకుంటుందా? "ఇన్నేళ్లూ మా అందరిచేతా తప్పు పాడించావన్నమాట" అని దెప్పింది.

ఇంటికొచ్చాక జసింతా అవ్వను అడిగింది. "షమాయ్, నేను ఏది పాడను?"

"పాద్రీ చెప్పిందే పాడు. తప్పు తప్పే కదే."

అందే గానీ, ఆ రోజు అన్నం గిన్నె మూత కూడా తీయలేదు. అమ్మకు ఫొటో లేదు. చోటు చాలక మళ్లీ తవ్వడంతో, అమ్మను పూడ్చిన గుంటలో ఇప్పుడు ఇంకెవరో ఉన్నారు. పాడే పిల్లతో పాటు ఏడాదికోసారి నోరారా పిలుచుకునే ఆ పిలుపొక్కటే మిగిలింది, అదీ ఇక పోతోంది.

గుడ్ ఫ్రైడే వచ్చింది. చెక్కపలకలు ఆగాయి. జసింతా పీట ఎక్కి గుడ్డ విప్పింది. మొదటి మాట తప్పు లేకుండా పాడింది. పియేదాద్ తల వంచుకుని, ఎవరికీ వినపడదులే అనుకుని, "అవయ్" అంది.

పక్కనే కోన్స్‌తాన్స్ కూడా అంది, కళ్లు మూసుకుని. వెనక వరసలోవాళ్లు అన్నారు. గోడవార కూర్చున్న ముసలమ్మలు అన్నారు. ఎవరి అమ్మను వాళ్లు పిలుచుకుంటున్నారు. ఇన్నేళ్లూ ఆ మాటలో అమ్మను తానొక్కతే పిలుస్తున్నాననుకుంది పియేదాద్. ఆమెకు ఏడుపు ఆగలేదు.

పాద్రీ వెనక్కి తిరిగి చూశాడు. ఎవరిని దిద్దాలో ఆయనకు తోచలేదు.