కాళ్ల దగ్గర కూర్చుని దాటిన సముద్రం

నేను ఒక ఐస్‌పెట్టెను. పెళ్లిళ్లలో కూల్‌డ్రింకులు మోసే జాతి కాదు నాది. దళసరి గోడలతో, మూత మీద చలిని చూపే అంకెతో, ఆసుపత్రుల కోసమే నన్ను తయారుచేశారు. రక్తం మోశాను, టీకాలు మోశాను. నిండుగా ఉంటే మనుషులు నన్ను రెండు చేతులా ఎత్తుకుంటారు, ఖాళీగా ఉంటే కాలితో నెడతారు.

ఆ రోజు హైదరాబాద్‌లో ఒక కుర్రాడు దానం చేసిన మూలకణాలను చిన్న సంచిలో నాలో పెట్టారు. సముద్రానికి అవతల నైరోబిలో పదకొండేళ్ల పిల్లకు అవి ఎక్కాలి. కొత్తవాటికి చోటు కోసం డాక్టర్లు ఆ పిల్ల సొంత మూలుగను అప్పటికే మందులతో చంపేశారు. నేను చల్లగా చేరకపోతే ఆ పిల్ల బతకదు. ముంబై నుంచి నైరోబికి నాలుగున్నర వేల కిలోమీటర్లు, సుమారు ఆరు గంటల ప్రయాణం.

నన్ను తీసుకెళ్లే మనిషి వకుళాదేవి. రిటైరైన నర్సు, తుమ్ముకు తప్ప దేనికీ జంకదు. గుమ్మం దాటబోతుంటే వాచ్‌మన్ తుమ్మాడు. ఆమె వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడింది.

"మేడమ్, టైమైపోతాంది," అన్నాడు డ్రైవర్ ఖాజా.

"ఉండు నాయనా, మంచినీళ్లు తాగి లేస్తా. పిల్ల ప్రాణం పట్టుకుపోతున్నాం, తుమ్మగానే ఎట్లా బయల్దేరతాం?"

ఆవిడ నింపాదిగా గుక్కలు వేస్తుంటే నాకు ఒళ్లు మండింది. ఆ గుక్కల్లోనే ముంబై విమానం వెళ్లిపోయింది. ఆవిడ తర్వాతిది ఎక్కి, ముంబైలో నన్ను పొట్టకు కరుచుకుని పరిగెత్తి, నైరోబి విమానం తలుపు మూసేలోగా దూరింది. నాలో ఐసు మార్చే వ్యవధి మాత్రం చిక్కలేదు.

నన్ను కాళ్ల దగ్గర పెట్టుకుని ఎదుటి తెర మీది బొమ్మ విమానాన్ని చూస్తూ కూర్చుంది. ఎదురుగాలి వల్ల ఆలస్యమవుతుందని పైలట్ చెప్పాడు. కిలోమీటర్లు తగ్గుతున్నాయి, గంటలు తగ్గడం లేదు. నా మూత మీది అంకె మాత్రం పైకి పోతోంది, లోపల చలి తగ్గుతోంది. ఆమె భోజనం ముట్టలేదు.

"నా చేతులారా చేసుకున్నాను," అంటూ వంగి నా మూత తడిమింది. అప్పుడు నాకు కోపం పోయి భయం పట్టుకుంది.

నైరోబి ఆసుపత్రి గుమ్మంలో ఎదురొచ్చిన నర్సు గట్టిగా తుమ్మింది. వకుళాదేవి టక్కున ఆగిపోయింది. పక్కనే ఖాళీ కుర్చీ ఉంది. నా అంకె, దాటితే కణాలు పాడైపోయే హద్దును ఆనుకుని ఉంది. ఆమె దాన్ని చూసింది.

"రామా, నీదే భారం," అని లోపలికి నడిచింది.

డాక్టర్ సంచిని పరీక్షించి, పనికొస్తుందని తల ఊపాడు. ఆమె అప్పుడు కూర్చుంది, మంచినీళ్లు అడిగింది.

తిరుగు ప్రయాణంలో నన్ను సామాన్లలో పడేశారు. అదే సముద్రం, అదే దూరం, ఎవరికీ తొందర లేదు. ఇప్పుడు నా మూత బిగియదని స్టోర్‌రూంలో చీపుర్ల పక్కన ఉంచారు. ఆ పిల్ల ఏమైందో పెట్టెకు ఎవరు చెబుతారు? వరండాలో ఎవరైనా తుమ్మితే మాత్రం నాకు కాలు నిలవదు. నన్నెత్తుకుని బయల్దేరండి అని అరవాలనిపిస్తుంది.