మూడో బాణం

నేను మొదలుపెట్టిన రోజున నా చేతిలో ఉన్నవి మూతపడిన కమ్మరి కొట్టం ఒకటి, వేలంలో కొన్న పాత సైకిళ్లు, లెయోన్స్ బరాందోన్ కనిపెట్టిన దారి. మొదటి రెండింటికీ నేను వెల కట్టగలను. నా వ్యాపారం నిలబడింది మాత్రం మూడోదాని మీద. మా ఊరు సెంత్-అంబ్రూన్‌లో చూడటానికి కోట లేదు, ఈదడానికి సరస్సు లేదు. కొండలున్నాయి, చెస్ట్‌నట్ తోటలున్నాయి, కార్లు పెద్దగా రాని సన్నని రోడ్లున్నాయి. వాటిని ఏ వరసలో తొక్కితే మనిషి ఒళ్లు హూనమైనా మరుసటేడు మళ్లీ వస్తాడో లెయోన్స్‌కు తెలుసు. అలా వచ్చినవాడు నా దగ్గర సైకిలు అద్దెకు తీసుకునేవాడు.

లెయోన్స్ మాంసం కొట్టు నడిపి మానుకున్నవాడు. ప్రతి జూన్‌లో మా సైకిల్ క్లబ్బు సవారీకి ముందురోజు నీలం రంగు డబ్బా పట్టుకుని బయల్దేరి, దారి చీలే ప్రతి చోటా రోడ్డు మీద మూడు బాణాలు వేసేవాడు. చీలికకు కాస్త ముందు ఒకటి, సిద్ధంగా ఉండమని. చీలిక దగ్గర ఒకటి, ఇటు తిరగమని. తిరిగాక కొంత దూరాన మరొకటి, నువ్వు తప్పిపోలేదని. పోకూడని రోడ్డు మీద ఇంటూ గుర్తు కొట్టేవాడు.

ఆ మూడో బాణం నాకు దండగ ఖర్చులా కనిపించేది.

"తిరిగినవాడు ఎలాగూ తిరిగాడు కదా, ఇంకో బాణం దేనికి? రంగు ఊరికే వస్తోందా?" అని అడిగాను ఒకసారి.

"కొండల్లో మనిషికి భయం వేసేది తిరిగాకేరా రెజిస్," అన్నాడు.

అతనిది ఎడమచేతి వాటం. అందుకని అతని బాణానికి ఎడమ రెక్క పొడుగ్గా సాగి ఉండేది. చూడగానే ఎవరు వేశారో చెప్పేయవచ్చు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి నిద్రలోనే పోయాడు. గుర్తులు వేసే పని నాకు వచ్చింది. నేను చేసిన మొదటి పని ఓర్బియేర్ కనుమను దారిలోంచి తీసేయడం. కనుమ దాటి అవతలికి దిగేటప్పుడు రోడ్డును మోసే రాతి గోడ ఒకటుంది. చలికాలం తర్వాత అది కడుపుతో ఉన్నట్టు ఉబ్బింది. దాని కింద లోయ. కొత్తవాళ్లను అద్దె సైకిళ్ల మీద అక్కడికి పంపడం నష్టపు బేరం. లోయ రోడ్డు నా దుకాణం ముందు నుంచే పోతుందన్న సంగతి కూడా నేను మరిచిపోలేదు.

సవారీకి వారం ముందు లెయోన్స్ భార్య ఒదీల్ దుకాణానికి వచ్చింది. కనుమకు ముందు చివరి ఇల్లు వాళ్లది. ప్రతి ఏడూ సవారీ వాళ్లందరూ ఆ గుమ్మం ముందు ఆగి, ఆమె కాచిన చెస్ట్‌నట్ సూప్ తాగి పైకి వెళ్లేవాళ్లు. కొండ మీద ఆమెకు ఏడాది మొత్తానికి అదే పండగ.

"ఏమయ్యా రెజిస్, ఈసారి మనుషుల్ని నా గుమ్మానికి తెస్తావా, నీ గుమ్మానికి తిప్పుకుంటావా?"

"గోడ ఉబ్బింది మదామ్. మీకూ తెలుసు."

"ఆ గోడ నా పెళ్లినాడే ఉబ్బి ఉంది. మా ఆయన దాని మీద ముసలివాడయ్యాడు, అది మాత్రం పడలేదు."

"పడితే నా సైకిళ్లు..."

"నీ సైకిళ్లా! మనుషులు కూడా ఉంటారులే వాటి మీద, గుర్తుంచుకో." సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దగ్గర ఆగింది. "ఆయన పోయి నాలుగు నెలలు కాలేదు. అప్పుడే ఆయన రోడ్డును కూడా పూడ్చిపెట్టారు."

అయినా పసుపు రంగుతో లోయ వైపు బాణాలు వేశాను. ఆ వారమంతా వాన కురిసింది.

సవారీ రోజు పొద్దున గుర్తులు వేసినవాడు అందరికంటే ముందు దారంతా తొక్కి చూసుకోవడం మా అలవాటు. ఎవరిదో చక్రం పంక్చరై నేను ఆలస్యంగా బయల్దేరాను. అప్పటికే హాలండ్ నుంచి వచ్చిన జంట, యోస్ట్, మార్లేన్, వెళ్లిపోయారు. గుంపులో తొక్కడం ఆమెకు పడదు. ప్రతి ఏడూ నా దగ్గరే సైకిళ్లు తీసుకుంటారు.

ఊరు దాటాక రోడ్డు చీలే చోట, నా పసుపు బాణం మీద నీలం బాణం ఉంది. కొండ వైపు తిరిగి ఉంది. అడ్డదిడ్డంగా, చిన్నపిల్లలు గీసినట్టుంది. తడి ఇంకా ఆరలేదు. దాని మీదుగా సన్నని చక్రాలు దొర్లి, నీలం మరకలు కొండ రోడ్డు మీద కొంత దూరం సాగాయి. ఆ టైర్ల అచ్చు నాకు తెలుసు. వాటిని బిగించింది నేనే.

పక్కనున్న ఎండు కొమ్మను లాగి బాణం మీద అడ్డంగా పడేసి, కొండ వైపు తొక్కాను. ఒక మలుపు తిరిగేసరికి మూడో బాణం కనిపించింది. నీలం. శుభ్రంగా, తొందరేమీ లేని చేత్తో వేసినట్టుంది. ఎడమ రెక్క పొడుగ్గా సాగి ఉంది.

నా కాళ్లు పెడళ్ల మీద ఆగిపోయాయి. ఏట్లో పడ్డవాడిలా ఒక్కసారి ఊపిరి తీసుకుని మళ్లీ తొక్కాను.

ఒదీల్ గుమ్మం ముందు బల్ల వేసి, దుప్పటి పరిచి, గిన్నెలు పేర్చి కూర్చుంది. అంత సంతోషంగా ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు.

"వచ్చావా! ఇద్దరు వచ్చారు, తాగారు, వెళ్లారు. మిగతావాళ్లేరీ?"

"ఎటు వెళ్లారు?"

"ఎటు వెళ్తారు, కనుమకే. కిందికి పోవడానికి వచ్చారా ఏంటి?"

"మదామ్, ఆ బాణాలు మీరే కదా వేసింది!"

"బాణాలేంటి, ఒక్కటే. ఆయన డబ్బాతోనే వేశా. ఉత్తరాలు తెచ్చే పోస్టు పిల్ల పొద్దున్నే కార్లో దింపి మళ్లీ ఎక్కించుకొచ్చింది. ఏం, తిడతావా?"

"ఒక్కటేనా? మలుపు తిరిగాక ఉన్నది?"

"నా మోకాళ్లు చూశావా? ఆ మలుపు దాకా నడవడానికి నేనేమైనా మేకనా?" అంది. నా ముఖం చూసి ఆమె నవ్వు ఆగింది. "మలుపు తిరిగాక ఏముంది?"

నేను పైకి తొక్కాను. పొగమంచు కనుమ మీద పచ్చి ఉన్నిలా పడి ఉంది. నా ముందు చక్రం తప్ప ఏమీ కనిపించడం లేదు. కనుమ దాటి దిగుడులో పడగానే బ్రేకులు బిగించి పేర్లు పెట్టి కేకలు వేశాను. మంచులోంచి వాళ్ల మాటలు వినిపించాయి. పోట్లాడుకుంటున్నారు.

"ఇంటూ గుర్తు కనిపిస్తే వెనక్కి తిరగమని రెజిసే చెప్పాడుగా!" అంటోంది మార్లేన్.

"బాణం వేసి పైకి పంపినవాడు మళ్లీ ఇంటూ ఎందుకు కొడతాడే? పాతదై ఉంటుంది, పద!"

"పాతదైతే నా బూటుకు అంటుకుంటుందా? నీకు భార్య మాట మీద నమ్మకం లేకపోతే రంగు మీదైనా పెట్టుకో."

వాళ్లిద్దరూ రోడ్డు మధ్యలో సైకిళ్లు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ల కాళ్ల ముందు రోడ్డుకు అడ్డంగా పెద్ద నీలం ఇంటూ గుర్తు ఉంది. నన్ను చూడగానే యోస్ట్ మీదికొచ్చాడు.

"ఏంటయ్యా రెజిస్, ఇదేం వేళాకోళం? అటు పొమ్మంటావు, ఇటు వద్దంటావు. ఎక్కడ తేలాలి మేము?"

నేను వంగి గుర్తును వేలితో తాకాను. నీలం నా వేలికి అంటింది. లేచేసరికి గాలి ఒకసారి వీచి మంచు పలచబడింది. గుర్తుకు అవతల కొద్ది దూరంలో రోడ్డు లేదు. గోడ వానకు కూలి, సగానికి పైగా రోడ్డును వెంట తీసుకుని లోయలోకి పోయింది. అంచు మీద తారు ముక్క ఒకటి నాలుకలా వేలాడుతోంది. కిందెక్కడో రాళ్లు ఇంకా ఒకటొకటిగా జారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

యోస్ట్ మెల్లగా సైకిలును వెనక్కి తిప్పాడు. మార్లేన్ అతని చొక్కా పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"థాంక్స్," అన్నాడు నాతో. "నువ్వు ఎప్పుడు వచ్చి వేశావు?"

అంచు దాకా వెళ్లి చూశాను. తడి మట్టిలో ఎవరి అడుగులూ లేవు. "ముందే," అన్నాను.

వాళ్లను ముందు పంపి, నేను ఒదీల్ గుమ్మం దగ్గర ఆగాను. గోడ సంగతి విని ఆమె తలుపు చెక్క పట్టుకుంది.

"నేనే కదా వాళ్లను పంపింది," అంది. "ఆ ఇద్దర్నీ నేనే పంపాను."

"పంపింది మీరు. ఆపింది మీరు కాదు. నేనూ కాదు." నీలం అంటిన వేలు చూపించాను. "మూడో బాణానికి ఎడమ రెక్క పొడుగ్గా ఉంది మదామ్."

ఆమె ఆ వేలిని చూసింది. తర్వాత లోపలికి వెళ్లి రంగు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. మూత తీశాను. అడుగున రంగు గట్టిపడి ఉంది. కుంచె దిగదు.

"నాకు ఒక్క బాణానికే వచ్చింది. మిగిలిన కాస్త తడి రంగూ గీకి గీకి వేశాను," అంది. ఒక గిన్నెలో సూప్ పోసి నా ముందు పెట్టింది. రెండో గిన్నె కూడా నింపి, బల్లకు అవతలి పక్క పెట్టింది. ఎవరికని నేను అడగలేదు.

మరుసటేడు నుంచి సవారీ ఆమె గుమ్మం దాకా ఎక్కుతుంది, సూప్ తాగుతుంది, అదే దారిలో వెనక్కి దిగుతుంది. కనుమకు పోదు. క్లబ్బులో ఎవరూ కారణం అడగలేదు, కూలిన గోడ చాలింది.

లెక్క చూసుకుంటే నాకు మిగిలినవి ఇవి. ప్రాణాలతో తిరిగొచ్చిన ఇద్దరు మనుషులు, వాళ్లు ఏడాదికోసారి వెంటబెట్టుకొచ్చే స్నేహితులు, ఒదీల్ బల్ల దగ్గర నాకంటూ ఒక కుర్చీ. రంగులో కూడా కొంచెం ఆదా. చీలికకు ముందు ఒక బాణం వేస్తాను, చీలిక దగ్గర ఒకటి వేస్తాను. మలుపు తిరిగాక వేయాల్సిన మూడోది నేను వేయను. పొద్దున దారి చూసుకోవడానికి వెళ్లేసరికి అది అక్కడ ఉంటుంది, తడిగా.